పావంగుళం

పాత చెక్కను ఊడబెరికితే
ముందు రాలింది పెచ్చులు కాదు, చలి.
గోడకీ కిటికీకీ మధ్య ఎవరో కుక్కిన పత్రికలు,
హాకీ స్కోర్లు, బంగాళాదుంపల ధరలు
చెయ్యి తగలగానే పిండయ్యాయి.

విన్నిపెగ్‌లో అక్టోబరు మొదటివారం.
ఇంకొన్నాళ్ళు ఆగితే ఫోమ్ డబ్బా బిగుసుకుపోతుంది,
నా వేళ్ళూ అంతే.
బేస్‌మెంట్ కిటికీ కదా, సగం భూమిలో ఉంటుంది.
బయట రేకు గొయ్యి, అందులో ఎల్మ్ ఆకులు,
ఆకుల కింద ఒక గోదురు కప్ప.
పెయింటు డబ్బాలో ఎత్తి పక్క వీధిలో వదిలొస్తే
మూడో నాటికి అక్కడే ఉంది,
నేనే అద్దెకొచ్చినట్టు చూస్తూ.

మెట్ల మీద కూర్చుని పక్కింటి ఓస్టాప్ అడిగాడు:
"రాత్రంతా బస్సు నడిపి పగలు పడుకునేదానివి,
నీకెందుకు మార్లిస్, కిటికీకి ఇంత సింగారం?"
నోటి నిండా మేకులున్నాయి. జవాబు చెప్పలేదు.

రసమట్టం పెట్టాను.
బుడగ ఎడమవైపు వెళ్ళి కూర్చుంది,
ఎంత బతిమాలినా మధ్యకి రాలేదు.
ఎడమ నిలువు ఇరవై రెండుంపావు,
కుడి నిలువు ఇరవై రెండు.
నది ఒండ్రు మీద కట్టిన ఇళ్ళివి.
వానకి ఉబ్బి, ఎండకి ముడుచుకుని
మట్టి మెల్లగా ఇంటి నడుము తిప్పేస్తుంది.

"రసమట్టం అబద్ధమాడదు," అన్నాడు ఓస్టాప్,
"కానీ నీ ఇంటికొచ్చేవాడు దాన్ని చంకన పెట్టుకుని రాడు.
పైన దూలం వంగి ఉంటే
కింద తిన్నగా కొట్టిన చెక్కే వంకరగా కనిపిస్తుంది.
ఇంటితో పాటు వెళ్ళు."

వినలేదు. బుడగ మాటే విన్నాను.
కోసి, చీలికలు దోపి, కొట్టి, వెనక్కి జరిగి చూస్తే
తాగొచ్చిన వాడి టోపీలా ఉంది కిటికీ.
పదకొండు డాలర్ల పైన్ చెక్క
పొయ్యిలోకి పోయింది.

నలభై ఏళ్ళు అలమరలు చేసిన మనిషి.
ఇప్పుడు చూపుకి నట్టనడుమ మచ్చ,
ఏది చూడాలనుకుంటే అదే కనపడదట.
అందుకని రెండోసారి మూలలు కలిపినప్పుడు
మొహం అటు తిప్పుకుని
బొటనవేలితో అంచు వెంట నడిచాడు.
నా కంటికి ఒకే చెట్టులా ఉన్న చోట వేలు ఆగింది.
"ఇక్కడ కాగితం దూరుతుంది."
జేబులోని బస్సు టికెట్టు తీసి దోపాను.
దూరింది.
ఇద్దరం నవ్వలేదు.
చిత్రిక తీసి, ఉల్లిపొరంత గీకి, మళ్ళీ కలిపాను.
మళ్ళీ వేలు. మళ్ళీ టికెట్టు.
నాలుగోసారికి టికెట్టు మడత పడింది.

చెత్తలో వెయ్యబోతూ పాత చెక్క ఒకటి తిరగేస్తే
వెనకాల పెన్సిల్‌తో, ఎవరిదో బరువు చేతి రాత:
ఇరవై రెండుంపావు. ఇరవై రెండు.
పక్కనే ఫ్రెంచిలో ఒక బూతు.
అప్పటి నుంచీ ఇల్లు ఇంకేమీ వంగలేదన్నమాట,
లేదా నిలువునా ఒకేలా వంగుతూ వస్తోంది.

ఓస్టాప్ వెళ్ళేటప్పుడు చెప్పాను జవాబు.
ఇన్నాళ్ళూ కింద పడుకుంటే చీకటి దానంతటదే ఉండేది,
ఎవరో ముందే ఊదేసిన దీపంలా.
నాక్కావలసిందీ చీకటే.
కానీ వెలుగుండగా, నా చేత్తో నేను లాగిన పరదా చీకటి.
"అయితే కడ్డీ కూడా ఇంటితో పాటే పెట్టు," అని
గోడ పట్టుకుని మెట్లెక్కాడు.

ఈ పొద్దున ఆరున్నరకి డిపో నుంచి వచ్చాను.
కిటికీలో ఎవరివో రబ్బరు బూట్లు,
వాటి వెనక కుక్క కాళ్ళు నాలుగు,
తర్వాత సన్నగా, గడ్డి ఎత్తున, ఎండ.
పరదా తాడు చేతిలో ఉంది.
కుడి మూల పుట్టీ ఇంకా ఆరలేదు.